టాపెట్ కవర్ విప్పకుండా ప్లగ్ వైర్లు మార్చకండి

మా హోండా సిటీ కారు 2001 మోడల్, పెట్రోల్ 1.5. రెండేళ్ల క్రితం వానాకాలంలో మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం, మొదలైంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణికేది, రెండో గేర్లో లాగుతుంటే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉండేది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "వైర్లు పోయినియ్ సార్, మార్చేద్దాం" అన్నాడు, మార్చాడు, బండి బంగారంలా నడిచింది. ఎనిమిది నెలలకి మళ్లీ అదే వణుకు, మళ్లీ "వైర్లు పోయినియ్ సార్". రెండోసారి పాత వైర్లు ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూశాను. మూడో నంబరు వైరు చివరనున్న రబ్బరు బూటు నానబెట్టిన ఖర్జూరంలా ఉబ్బి, నొక్కితే వేలికి నూనె అంటుతోంది. పోయింది వైరు కాదు, దాన్ని పోగొట్టేది ఇంకోటి పైన కూర్చుని ఉంది, దాన్ని ఎవరూ విప్పలేదు అని అప్పుడు అర్థమైంది.

ఆ ఇంకోటి టాపెట్ కవర్, ఇంజన్ నెత్తినుండే మూత. పుస్తకాల్లో వాల్వ్ కవర్ అనో సిలిండర్ హెడ్ కవర్ అనో ఉంటుంది, దాని అంచు చుట్టూ వచ్చే రబ్బరు పట్టీని (గాస్కెట్‌ని) షాపులో టాపెట్ కవర్ ప్యాకింగ్ అని అడిగితేనే ఇస్తారు. 1998 నుంచి 2003 దాకా మన దగ్గర అమ్మిన మొదటి తరం హోండా సిటీ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గులు ఈ కవర్ మధ్యలోంచి కిందికి దిగే నాలుగు గుంతల అడుగున ఉంటాయి. కవర్ లోపలంతా ఆయిల్ చిందుతూ ఉంటుంది, ఆ ఆయిల్ గుంతల్లోకి రాకుండా ఆపేవి నాలుగు గుండ్రటి రబ్బరు సీళ్లు. ఇరవై ఏళ్లు వేడిలో ఉడికిన రబ్బరు రాయి అవుతుంది, అందులో కంపెనీ తప్పేమీ లేదు. సీలు గట్టిపడితే ఆయిల్ బొట్టు బొట్టుగా గుంతలోకి దిగుతుంది, వైరు బూటు అందులో నాని మెత్తబడి చీలుతుంది, ప్లగ్గు కొన దాకా వెళ్లాల్సిన స్పార్క్ మధ్యలోనే పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. అందుకని ప్యాకింగ్, సీళ్లు, ప్లగ్గులు, వైర్లు నాలుగూ ఒకే రోజు చెయ్యండి. ఎలాగూ ప్యాకింగ్ కోసం వైర్లు పీకాల్సిందే.

ఇది డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని వైర్లకి వంతులవారీగా పంచేది), ప్లగ్ వైర్లు ఉన్న పాత పెట్రోల్ బళ్ల గురించి. తర్వాత వచ్చిన ఐ-డీఎస్ఐ సిటీలో సిలిండర్‌కి రెండు చొప్పున ఎనిమిది ప్లగ్గులు, ప్రతి ప్లగ్గు మీద సొంత కాయిల్, అసలు వైర్లే ఉండవు, దాని కథ వేరు. మీది వేరే కంపెనీ బండి అయినా పని వరస దాదాపు ఇదే, నేను చెప్పే అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్‌తో సరిచూసుకోండి.

సామాన్ల విషయానికొస్తే, ప్యాకింగ్ ఒక్కటే కొనకండి, కిట్ అడగండి. అందులో చుట్టూ వచ్చే ప్యాకింగ్, నాలుగు ప్లగ్ గుంత సీళ్లు, నట్ల కింద వచ్చే రబ్బరు వాషర్లు కూడా ఉండాలి. ఈ వాషర్లని అందరూ వదిలేస్తారు. అవి గట్టిపడిపోతే నట్టు ఎంత తిప్పినా కవర్ మీద ఒత్తిడి పడదు, "కొత్త ప్యాకింగ్ వేసినా కారుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే. నేను ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాత సీలు ఫొటో ఫోన్లో పెట్టుకుని వెళ్తాను, మోడల్ చెప్తే ఒకటి, సైజు చూపిస్తే ఇంకోటి ఇచ్చిన సందర్భాలున్నాయి. పనిముట్లు: 10 సైజు బాక్స్ (సాకెట్), రాట్చెట్, 16 సైజు ప్లగ్ పానా (లోపల రబ్బరు ఉన్నది, ప్లగ్గుని పట్టి పైకి తెస్తుంది), పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు), మల్టీమీటర్, చిన్న ట్యూబు ఆర్‌టీవీ సిలికాన్ (సందులు మూసే పేస్టు), కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది), బోలెడు పాత కాటన్ గుడ్డలు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉంటే అదృష్టవంతులు, లేకపోతే ఏం చెయ్యాలో కింద చెప్తాను. ఇంకోటి, ఒక జానెడు పాత పెట్రోల్ పైపు ముక్క, అది ఎందుకో కూడా కిందే.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. "కాస్త వెచ్చగా ఉంది, పర్లేదు" అనుకోకండి, హెడ్ (ప్లగ్గులు బిగించే ఇంజన్ పై భాగం) అల్యూమినియం, వేడిమీద ప్లగ్గు విప్పితే మర ఊడి వచ్చేస్తుంది. నేను రాత్రి పార్క్ చేసి, ఆదివారం పొద్దున్నే ఆరింటికి మొదలుపెడతాను, మే నెలలో విజయవాడలో పదిన్నర దాటితే బానెట్ కింద తల పెట్టలేం. తాళం తీసేసి జేబులో వేసుకోండి. ముందు బానెట్ కింద దుమ్మంతా ఊదించండి, లేదా బ్రష్‌తో దులపండి, ఎందుకంటే కాసేపట్లో ఇంజన్ పైకప్పు తీసి పెట్టబోతున్నారు.

ఇప్పుడు వైర్లు. మొదట ఫొటో, తర్వాత ప్రతి వైరుకీ కాగితం టేపు చుట్టి పెన్నుతో నంబరు. టైమింగ్ బెల్ట్ వైపున్నది ఒకటో సిలిండర్, అక్కడినుంచి వరసగా రెండు, మూడు, నాలుగు. ఫైరింగ్ ఆర్డర్, సిలిండర్లు మండే వరస, 1-3-4-2, అంటే డిస్ట్రిబ్యూటర్ మూత మీద వైర్లు ఈ వరసలో వస్తాయి, సిలిండర్ల వరసలో కాదు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే, రెండు వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ కాదు, లేదా టపటపా పేలుతూ వణుకుతుంది. వైరుని ఎప్పుడూ వైరు పట్టుకుని లాగకండి. బూటుని పట్టుకుని, అటు ఇటు పావు తిప్పు తిప్పి, అది వదిలాక నిటారుగా పైకి.

ఒక్కో గుంతలోకి టార్చి వేసి చూడండి. పొడిగా ఉందా, నూనె ఉందా, ఉంటే ఎంత? మా బండికి మూడో గుంతలో ప్లగ్గు నట్టు మునిగేంత ఉంది, మిగతా మూడూ పొడి. నూనె ఉన్న గుంతలోంచి ప్లగ్గుని అప్పుడే విప్పకండి, ఆ నూనె, అందులో తేలే ఇసుక అంతా సిలిండర్లోకి జారుతుంది. పొడుగు స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి అద్దండి, లేదా మందుల షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్న పైపు తగిలించి పీల్చండి, చివర్లో మళ్లీ గుడ్డతో తుడవండి. నా పద్ధతి ఏంటంటే, పాత ప్లగ్గుల్ని కవర్ పని మొత్తం అయ్యేదాకా బిరడాల్లాగా అక్కడే ఉంచేస్తాను. గుంతలో ఏం పడినా సిలిండర్లోకి మాత్రం పోదు.

ఇక కవర్. ఎయిర్ ఇన్‌టేక్ పైపు, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయేది), వైర్లని పట్టి ఉంచే క్లిప్పులు తీసెయ్యండి. పాత రబ్బరు పైపుని బలవంతంగా పీకితే చిరుగుతుంది, ముందు మెలితిప్పి వదులు చేసి లాగండి. నట్లని ఒకేసారి ఒకటి పూర్తిగా విప్పకుండా, అన్నీ సగం తిప్పు చొప్పున వదులు చేస్తూ రండి, బయటి నుంచి మధ్యకి. ఎన్ని నట్లు, ఎన్ని వాషర్లు అనేది లెక్కపెట్టి గిన్నెలో వేసుకోండి. లెక్క తక్కువైతే అది ఇంజన్లో పడిందన్న అనుమానంతో రాత్రి నిద్ర పట్టదు, నాకు తెలుసు.

కవర్ ఊరికే రాదు, ఏళ్ల తరబడి అంటుకుపోయి ఉంటుంది. రబ్బరు సుత్తితోనో, సుత్తికి చెక్క ముక్క అడ్డం పెట్టో మూలల మీద చిన్నగా తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. రెండు వైపులా అల్యూమినియమే, ఒక్క గీత పడిందంటే ఏ ప్యాకింగ్ వేసినా అక్కడ కారుతూనే ఉంటుంది. కవర్ వచ్చాక క్యామ్ షాఫ్ట్, రాకర్లు అన్నీ బయటికి కనిపిస్తాయి, వెంటనే శుభ్రమైన గుడ్డ కప్పండి. లోపల తేనె రంగు మరక ఉంటే మామూలే. నల్లటి తారులా గడ్డకట్టి ఉంటే ఆయిల్ టైముకి మార్చలేదని అర్థం, దాన్ని గీకి లోపలికి రాల్చకండి.

టాపెట్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) చూసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, ముఖ్యంగా బండిని గ్యాస్ మీద నడిపినవాళ్లకి, ఎందుకంటే గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే సీట్లు అరిగి సందు తగ్గిపోతుంది. కానీ అది తెలిసినవాళ్లు పక్కనుంటేనే, ఈ రోజు పనిలో కలపకండి.

శుభ్రం చెయ్యడానికే సగం టైము పడుతుంది, పట్టాలి కూడా. కవర్ గాడిలోంచి పాత ప్యాకింగ్ పీకెయ్యండి, గట్టిపడి ముక్కలుగా వస్తుంది, ఒక్క ముక్క కూడా మిగలకూడదు. గీకడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు చాలు, గీతలు పడవు. పాత సీళ్లని స్క్రూడ్రైవర్ మొనతో లోపలి అంచు నుంచి ఎత్తండి, అవి కూర్చున్న చోట గీత పడకుండా. నా మూడో సీలు తీస్తుంటే గాజు గాజులా పటుక్కున రెండు ముక్కలైంది, అదీ ఒకప్పుడు రబ్బరే! కవర్‌ని పెట్రోల్‌తో కడిగితే ఆరుబయట, అగ్గి దగ్గర లేకుండా కడగండి, ఆఖర్న బ్రేక్ క్లీనర్‌తోనో థిన్నర్‌తోనో తుడవండి. కిరోసిన్ వాడితే పైన నూనె పొర మిగిలిపోతుంది, సిలికాన్ దాని మీద అంటదు. హెడ్ మీద ప్యాకింగ్ కూర్చునే అంచు కూడా ఇలాగే పొడిగా, వేలు పెడితే జారకుండా ఉండేదాకా తుడవాలి.

కొత్త సీళ్లు పెట్టేటప్పుడు పాతవి ఏ ముఖం ఎటు ఉన్నాయో చూసుకుని అలాగే పెట్టండి. సీలు అంత వెడల్పున్న బాక్స్ ఒకటి పైన పెట్టి అరచేత్తో సమానంగా నొక్కితే కూర్చుంటుంది. లోపలి పెదవికి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాయండి, గొట్టం మీదికి దిగేటప్పుడు మడత పడదు. చుట్టూ వచ్చే ప్యాకింగ్‌కి మాత్రం ఆయిల్ వద్దు, గ్రీజు వద్దు, పొడిగా గాడిలో దూర్చండి. క్యామ్ వైపు వంపు తిరిగే చోట ముందు పెట్టి, తర్వాత మిగతాది.

సిలికాన్ సంగతి ఒకటి చెప్పాలి. మన మెకానిక్‌లలో కొందరికి ఇది పిచ్చి, కొత్త ప్యాకింగ్ వేసి కూడా చుట్టూ టూత్‌పేస్టులా పూసేస్తారు. లోపలికి పిండుకున్న సిలికాన్ ముక్కలుగా ఊడి ఆయిల్‌తో పాటు తిరిగి స్ట్రెయినర్‌కి (ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడకి) అడ్డం పడుతుంది. ఈ ఇంజన్లో అది కావాల్సింది నాలుగు చోట్లే, క్యామ్ కోసం వంపు మొదలయ్యే, ముగిసే ఆ మూలల్లో, కందిగింజంత. అంతే.

కవర్ దించేటప్పుడు ప్యాకింగ్ గాడిలోంచి జారి వేలాడుతుంది. రెండు వైపులా వంపుల దగ్గర వేళ్లతో పట్టుకుని నిటారుగా దించండి, కూర్చున్నాక కవర్‌ని కొద్దిగా ముందుకీ వెనక్కీ కదపండి, సర్దుకుంటుంది. చుట్టూ వేలు తిప్పి, టార్చి వేసి, ఎక్కడా ప్యాకింగ్ బయటికి పొడుచుకు రాలేదని చూడండి. కొత్త వాషర్లతో నట్లు చేత్తోనే పట్టించండి. తర్వాత మధ్యలోంచి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించండి. ఈ సిటీలో ఉన్న హోండా డి-సిరీస్ ఇంజన్లకి మాన్యువల్ చెప్పేది 9.8 న్యూటన్ మీటర్లు, అంటే 1 కేజీ-మీటరు. టార్క్ రెంచ్ లేనివాళ్లకి నా లెక్క ఇది: నట్టు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 10 కిలోల బరువు వేలాడదీస్తే పడే బలం అదే. రాట్చెట్‌ని చివర పట్టుకోకుండా తలకి దగ్గరగా పట్టుకుని, మోచెయ్యి కదపకుండా మణికట్టుతో మాత్రమే తిప్పండి. వాషర్ నొక్కుకుని నట్టు ఆగినట్టు తెలుస్తుంది, అక్కడ ఆపెయ్యండి. "ఇంకొంచెం" అన్న చోటే స్టడ్ తెగుతుంది, తెగితే సాయంత్రానికి టోయింగ్ బండి.

సిలికాన్ ఆరడానికి ఎలాగూ టైము ఇవ్వాలి, కనీసం అరగంట దాకా ఆయిల్ పొయ్యకూడదు. ఈలోపు ప్లగ్గులు.

గుంతలు ఇంకోసారి తుడిచి, వీలైతే గాలి కొట్టించి (కళ్లకి అద్దాలు పెట్టుకుని), ఒక్కో ప్లగ్గు విప్పండి. బిగుసుకుని ఉంటే బలం పెట్టకండి, కాస్త వదులు చేసి, రెండు చుక్కలు డబ్ల్యూడీ-40 వేసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ బిగించి వదులు చేస్తూ తియ్యండి. తీసినవాటిని నంబర్ల ప్రకారం వరసగా పేపర్ మీద పెట్టండి, ఎందుకంటే ప్లగ్గు మొన చూస్తే ఆ సిలిండర్ ఎలా ఉందో తెలిసిపోతుంది. లేత గోధుమ రంగు, ఆరోగ్యం. పొడి నల్ల మసి, పెట్రోల్ ఎక్కువ పడుతోంది. తెల్లగా బొబ్బలెక్కితే వేడెక్కిపోతోంది. నూనె దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడండి. పైనున్న పింగాణీ మీదా, నట్టు చుట్టూ నూనె ఉండి మొన పొడిగా ఉంటే అది గుంత సీలు కారడమే, ఈ రోజు పనితో పోతుంది. మొనే తడిగా నల్లగా ఉంటే ఆయిల్ సిలిండర్లోంచి వస్తోంది, రింగులో వాల్వ్ ఆయిల్ సీళ్లో అరిగాయి, దానికి టాపెట్ కవర్ ప్యాకింగ్ మందు కాదు. పింగాణీ కింద, ఇనుము కలిసే చోట గోధుమ రంగు వలయం కనిపిస్తే కంగారు పడకండి, హై ఓల్టేజికి గాలిలోని నూనె తుంపరలు అంటుకుని వచ్చే మరక అది. కానీ పింగాణీ పొడుగునా పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత ఉంటే స్పార్క్ అటు దూకుతోందని అర్థం, ఆ గీతకి ఎదురుగా బూటు లోపల కూడా గీత ఉంటుంది. నా మూడో ప్లగ్గు మీద అచ్చం అలాగే ఉంది.

కొత్తవి మాన్యువల్‌లో ఉన్న నంబరే కొనండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు నంబరు చివర 11 ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు, మధ్యలో ఆర్ ఉంటే రెసిస్టర్ ఉన్నదని. డబ్బాలోంచి సరిగ్గానే వస్తాయి అంటారు కానీ ఫీలర్ గేజ్ పెట్టి చూడటానికి నిమిషం పట్టదు, కింద పడిన ప్లగ్గయితే తప్పకుండా చూడాలి, పింగాణీ చిట్లితే బయటికి కనపడకపోవచ్చు కాబట్టి నేనైతే పడినదాన్ని వాడను.

ఇప్పుడు ఆ పెట్రోల్ పైపు ముక్క. దాన్ని ప్లగ్గు పై మొనకి తొడిగి గుంతలోకి దించి, పైపునే వేళ్లతో తిప్పండి. మర సరిగ్గా పడితే ప్లగ్గు సాఫీగా తిరుగుతూ దిగుతుంది, అడ్డంగా పడితే పైపు జారిపోతుంది, మీకు బలం పెట్టే అవకాశమే ఉండదు. రాట్చెట్‌తో మొదలుపెట్టినవాళ్లు హెడ్‌లో మర పాడుచేసుకున్నాకే ఈ ముక్క విలువ తెలుసుకుంటారు. చేతికి ఆగేదాకా తిరిగాక ప్లగ్ పానా పెట్టండి. ఈ ఇంజన్‌కి ప్లగ్గు బిగువు 18 న్యూటన్ మీటర్లు. రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకి వేలి బిగువు తర్వాత సుమారు సగం తిప్పు, వాషర్ నలిగినట్టు చేతికి తెలుస్తుంది. అదే పాత ప్లగ్గు తిరిగి వేస్తుంటే వాషర్ ముందే నలిగి ఉంటుంది కాబట్టి కొద్దిగా కదిలిస్తే చాలు.

వైర్లు ఒక్కొక్కటే వెయ్యండి. కొత్త సెట్‌లో నాలుగూ నాలుగు పొడవులు, పాతదాని పక్కన పెట్టి కొలిచి దానికి తగ్గది తీసుకోండి. వేసేముందు మల్టీమీటర్‌ని 200 కిలో ఓమ్ రేంజిలో పెట్టి రెండు చివరలూ తాకించండి, హోండా చెప్పే పరిమితి 25 కిలో ఓములు, అంతకు మించితే ఆ వైరు వద్దు. కొత్తవాటిని కూడా కొలుస్తారా అని మా బావమరిది నవ్వాడు. కొన్న నాలుగింట్లో ఒకటి రీడింగే చూపించలేదు, తిరిగి షాపుకెళ్లి మార్చుకొచ్చింది కూడా వాడే. బూటు లోపలి అంచుకి కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాసి, నిటారుగా నొక్కండి, టక్కుమని పట్టుకున్నట్టు చేతికి తెలియాలి. ఆ టక్కు రాకపోతే తీసి మళ్లీ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ వైపు కూడా అంతే. వైర్లని పాత క్లిప్పుల్లోనే పెట్టండి, ఒకదాని మీద ఒకటి, ఇంజన్ ఇనుముకి ఆనుకుని ఉండకూడదు.

బ్రీదర్ పైపు, ఎయిర్ పైపు బిగించే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలేది) తీసి చెవి దగ్గర ఊపండి, టకటక వినిపించాలి. అది జామ్ అయితే ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి మీరు ఇప్పుడు వేసిన కొత్త సీళ్లలోంచి కూడా ఆయిల్‌ని తోసేస్తుంది. చౌక వస్తువే, అనుమానం ఉంటే మార్చెయ్యండి.

డిప్ స్టిక్ చూసి, తగ్గితే ఆయిల్ పోసి, స్టార్ట్ చెయ్యండి. మొదటి పది నిమిషాలు మాడు వాసన, కొంచెం పొగ వస్తే టెన్షన్ పడకండి, ముందువైపు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద పడిన పాత నూనె కాలుతోంది. అరగంట తర్వాత కూడా వస్తుంటే మాత్రం కారుతున్నట్టే. ఐడిల్‌లో వణుకు ఉంటే వైర్ల వరస ఫొటోతో సరిచూడండి. ఆ రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్ చేసి బానెట్ ఎత్తి, ఏమీ ముట్టుకోకుండా వైర్ల వైపు చూడండి, ఎక్కడైనా నీలం మెరుపు కనిపిస్తే ఆ బూటు సరిగ్గా కూర్చోలేదు. వారం తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్కో వైరు పీకి గుంతల్లో టార్చి వేసి చూడండి. నాకు నాలుగూ పొడిగా కనిపించిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, ఎవరికీ ఏం కనిపించలేదు.

పాత వైర్లలో బాగున్న పొడుగుది ఒకటి తుడిచి డిక్కీలో పడేసి ఉంచండి, పొడుగుది ఏ సిలిండర్‌కైనా అందుతుంది.